కడుపుపంటయు, కంటికి కానరాని జీవులును

(గ్రామ మహిళా మండలి సభలో ఒక స్త్రీ వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠము)



సంతానలేమిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మండలివారు నన్ను కోరినపుడు, ఈ సభకు స్త్రీలను మాత్రమే గాక పురుషులను గూడ పిలువవలెనని నేను షరతు పెట్టితిని. ఎందువలననో ప్రసంగము ముగియునప్పటికి మీకే తెలియగలదు. తలుపు దగ్గర నిలిచియున్న అన్నదమ్ములు దయచేసి లోపలికి వచ్చి కూర్చుండవలెను. ఈ మాటలు మీరును వినదగినవే.

కొన్ని నెలల క్రిందట ఒక రైతు దంపతులు నాయొద్దకు వచ్చిరి. వారికి వివాహమై ఆరేండ్లయినది. పట్టణమున ఒక చికిత్సాలయమున ఒకసారి ఐ.వి.ఎఫ్. చికిత్స చేయించుకొనిరి; అది ఫలింపలేదు. రెండవసారికి సిద్ధపడుచుండగా వారి చేతికి ఒక ఖర్చుల కాగితము వచ్చినది. అందు చికిత్స ఖర్చుగాక అదనముగా రెండు పద్దులు కలవు. గర్భసంచిలోని సూక్ష్మజీవుల పరీక్ష యొకటి. మూడు నెలలు వాడవలసిన 'మంచి బాక్టీరియా' క్యాప్సూళ్లు రెండవది. ఆ రైతు నన్నడిగిన మాట ఇది: "అమ్మా, ఇవి చేయించినచో కడుపు తప్పక నిలుచునా? నిలుచునన్నచో అరయెకరము అమ్మివేయుదును. నిలువదన్నచో ఆ చెలకయైనను మిగులును గదా!" అతని భార్య ఒక్క మాటయు పలుకలేదు. తల వంచుకొని కొంగును వ్రేలికి చుట్టుకొనుచుండెను.

ఆ ప్రశ్నకు ఔననిగాని, కాదనిగాని ఒక్కమాటలో చెప్పుట నాకు సాధ్యము కాలేదు. ఆనాడు వారిని కూర్చుండబెట్టి గంటసేపు చెప్పినదానినే నేడు మీకును విన్నవించుచున్నాను.

తోడు చేయు పని

మన ఇండ్లలో ప్రతిరాత్రియు ఒక శాస్త్రప్రయోగము జరుగుచున్నది. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు తోడు వేసి మూతపెట్టి పరుందుము. తెల్లవారునప్పటికి పాలు పేరుకొనును. తోడులోనున్న సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లమును తయారుచేయును. ఆ పులుపు వలననే పెరుగు గట్టిపడును. ఆ పులుపు వలననే కుళ్ళు పుట్టించు ఇతర జీవులు అందు పెరుగజాలవు. తోడు వేయక ఉంచిన పాలు చెడి కంపుకొట్టుటయు, తోడు వేసిన పాలు కమ్మని పెరుగగుటయు మీరెరిగినదే.

స్త్రీ శరీరమున యోనిమార్గమునందు గూడ ఇట్టి పనియే నిరంతరము జరుగుచున్నది. ఈ మాట చెప్పుటకు నాకును, వినుటకు మీకును సిగ్గు అక్కరలేదు. కంటిని గూర్చియు, పంటిని గూర్చియు మాటాడునట్లే దీనిని గూర్చియు మాటాడవలెను. 1892వ సంవత్సరములో ఆల్బర్ట్ డోడర్‌లైన్ అను జర్మను వైద్యుడు ఆరోగ్యవతులగు స్త్రీల యోని స్రావములో కడ్డీవంటి ఆకారముగల బాక్టీరియాను గుర్తించి వర్ణించెను. నేడు వానిని లాక్టోబాసిల్లస్ జాతి అనుచున్నారు. ఆడపిల్ల ఈడేరిన నాటినుండి అండాశయములలో పుట్టు ఈస్ట్రోజెన్ అను హార్మోను వలన యోని లోపలి పొరలో గ్లైకోజెన్ అను పిండిపదార్థము చేరును. దానినుండి ఏర్పడిన చక్కెరలే ఈ జీవులకు ఆహారము. ఆ ఆహారమునకు బదులుగా అవి లాక్టిక్ ఆమ్లము నిచ్చి ఆ మార్గమును పుల్లగా ఉంచును. పులుపును కొలుచు పి.హెచ్. అను కొలతలో శుద్ధజలము 7 కాగా, ఆరోగ్యముగల యోని సాధారణముగా 3.5 మొదలు 4.5 వరకు నుండును. పెరుగు పులుపును ఇంచుమించు ఇట్టిదే.

కావున, బాక్టీరియా యనగానే రోగమని భయపడవలదు. ఇవి వాకిట కాపలా కాయు తలారులవంటివి. వీనిని తరిమివేసినచో ఇల్లు శుభ్రమగుట యటుంచి, దొంగలకు దారి యిచ్చినట్లగును.

మడిలో కలుపు

2011లో అమెరికాలో జాక్ రావెల్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును వేర్వేరు జాతులకు చెందిన 396 మంది స్త్రీలను పరీక్షించిరి. వీరెవ్వరికిని వ్యాధి లక్షణములు లేవు. ఈ స్త్రీల యోనిలోని జీవులను జన్యువుల ద్వారా గుర్తించి, వారిని ఐదు తెగలుగా విభజించిరి. నాలుగు తెగలలో ఏదో ఒక రకపు లాక్టోబాసిల్లస్ ప్రధానముగా కనిపించినది. వానిలో క్రిస్పేటస్ అను రకము మిక్కిలి స్థిరమైన కాపలాదారని తరువాతి పరిశోధనల వలన తేలినది. ఐదవ తెగలో లాక్టోబాసిల్లస్ తక్కువ. ఇతర జీవులు పెక్కు. నూటికి ఇంచుమించు 27 మంది ఈ ఐదవ తెగకు చెందిరి. వారును ఏ బాధయు లేక తిరుగుచున్నవారే. ఈ సంగతిని మీరు గుర్తుంచుకొనవలెను. లాక్టోబాసిల్లస్ తక్కువైనంత మాత్రమున ప్రతి స్త్రీయు రోగిష్ఠి యని చెప్పుటకు వీలులేదు.

అయితే కొందరిలో ఈ సమతూకము పూర్తిగా తప్పును. వరి పలుచబడిన మడిలో కలుపు లేచినట్లు, గార్డ్‌నెరెల్లా మొదలగు జీవులు విపరీతముగా పెరుగును. పులుపు తగ్గును. పలుచని తెల్లబట్ట, చేపల వాసన కనిపించును. దీనిని వైద్యులు బాక్టీరియల్ వజైనోసిస్ అందురు. ప్రపంచమున ప్రసవ వయస్సులోనున్న స్త్రీలలో నూటికి 23 మొదలు 29 మంది వరకు ఇది కలదని లెక్క కట్టిరి. వీరిలో పెక్కుమందికి ఏ లక్షణమును కనిపించదు. ఈ స్థితిలోనున్న స్త్రీలకు సుఖవ్యాధులు సులభముగా సోకుననియు, గర్భవతులైనచో నెలలు నిండకముందే ప్రసవమగు ప్రమాదము హెచ్చనియు పరిశోధనలు తెల్పుచున్నవి.

ఇచట అత్తగార్లకు ఒక మనవి. తెల్లబట్ట యగుచున్నదని కోడలు చెప్పినచో, శుభ్రము లేదనిగాని, వేడి చేసినదనిగాని, నడవడి మంచిది కాదనిగాని అనవలదు. ఇది చికిత్స గల వ్యాధి. చులకన మాటలకు వెరచియే స్త్రీలు సంవత్సరముల తరబడి నోరు మెదపక యుందురు.

గర్భసంచి ముంగిట

ఐ.వి.ఎఫ్. అనగా నేమో కొంచెము చెప్పెదను. స్త్రీ అండమును, పురుషుని వీర్యకణమును శరీరము వెలుపల కలిపి, ఏర్పడిన పిండమును తిరిగి గర్భసంచిలో ఉంచుటయే ఐ.వి.ఎఫ్. చికిత్స. 1978 జూలై 25న ఇంగ్లండులో ఈ విధముగా మొదటి శిశువు జన్మించినది. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషి వలన మన దేశమున ఇట్టి శిశువు కలిగినది. నాటినుండి ఈ విద్య ఎంతయో పెరిగినది. ఐనను నేటికిని పిండమును సరిగా తయారుచేసి లోపల ఉంచిన తరువాత గూడ పెక్కుసార్లు అది అంటుకొనదు. ఎందుకంటుకొనలేదో చెప్పుటకు చాలసార్లు వైద్యునికిని తెలియదు. ఆ కారణమును వెదకుచు శాస్త్రజ్ఞులు గర్భసంచిలోని సూక్ష్మజీవులపై దృష్టి నిలిపిరి.

పూర్వము గర్భసంచిలో ఏ జీవియు ఉండదని తలచెడివారు. జన్యువులను చదువు యంత్రములు వచ్చిన పిమ్మట అచటను కొన్ని జీవుల జాడలు కనిపించినవి. ఐతే యోనిలోని వానితో పోల్చినచో వాని సంఖ్య అత్యల్పము. పరీక్ష కొరకు పంపు గొట్టము యోనిమార్గముననే లోపలికి పోవలెను. దారిలో అంటుకొనిన జీవులను గర్భసంచిలోనివిగా పొరబడుటకు ఎంతయు అవకాశము కలదు. గాదె అడుగున నాలుగు గింజలున్నవో లేదో చూడబోయి, కాలికంటిన గింజలను లెక్కపెట్టినట్లగును.

2016లో స్పెయిను దేశమునందలి ఇన్మాకులాడా మొరెనో మొదలగువారు 35 మంది ఐ.వి.ఎఫ్. స్త్రీల గర్భసంచి ద్రవమును పరీక్షించిరి. నూటికి 90 పాళ్లకు మించి లాక్టోబాసిల్లస్ గలవారిలో నూటికి 58.8 వంతున సజీవ శిశువులు కలుగగా, అంతకు తక్కువ గలవారిలో 6.7 వంతు మాత్రమే కలిగినవి. ఈ వార్త ప్రపంచమంతట వ్యాపించినది. పరీక్షలు, క్యాప్సూళ్లు బజారుకు వచ్చినవి. 2022లో వీరే మూడు ఖండములలో 342 మంది స్త్రీలను పరిశీలించి, సజీవ ప్రసవము పొందినవారిలో లాక్టోబాసిల్లస్ అధికమనియు, పొందనివారిలో గార్డ్‌నెరెల్లా, స్ట్రెప్టోకాకస్ వంటివి ఎక్కువగా కనబడుచున్నవనియు ప్రకటించిరి.

కొంగలు చెప్పు పాఠము

ఇచట జాగ్రత్తగా ఆలోచింపవలెను. కొంగలు వ్రాలిన మడిలో నీరుండునని మనకందరకు తెలియును. కొంగలను జూచి నీటి జాడ చెప్పవచ్చును. కాని ఎండిన మడిలోనికి కొంగలను పట్టి తెచ్చి విడిచినచో నీరు ఊరునా? ఊరదు గదా! నీరున్నందువలన కొంగలు వచ్చినవి గాని, కొంగలు వచ్చినందువలన నీరు రాలేదు.

లాక్టోబాసిల్లస్ కనిపించిన స్త్రీలకు బిడ్డలు ఎక్కువగా కలిగిరన్నంతమాత్రమున, లాక్టోబాసిల్లస్‌ను లోపలికి పంపినచో బిడ్డ కలుగునని చెప్పజాలము. అండాశయములు బాగుగా పనిచేసి ఈస్ట్రోజెన్ సమృద్ధిగా నున్న స్త్రీలో ఈ జీవులును వృద్ధిపొందును, గర్భమును నిలుచును. రెండింటికిని మూలము వేరొకటి కావచ్చును. లేదా ఈ జీవులే నిజముగా మేలు చేయుచుండవచ్చును. ఏది నిజమో తేల్చుటకు ఒక్కటే మార్గము. ఒకే తీరు గల స్త్రీలను చీట్లు వేసినట్లు రెండు మూడు జట్లుగా విభజించి, ఒక జట్టునకు మందును, మరియొక జట్టునకు మందు వలెనే కనిపించు ఉత్త పదార్థమును ఇచ్చి, ఎవరికేది యిచ్చిరో రోగికిగాని వైద్యునికిగాని తెలియకుండ ఫలితమును చూడవలెను.

అట్టి ప్రయోగములు జరిగినవి. 2020లో అమెరికాలో ప్రకటింపబడిన యొక ప్రయోగములో వజైనోసిస్ గల 228 మంది స్త్రీలకు మొదట మందుతో కలుపు తీసిరి. పిదప కొందరికి క్రిస్పేటస్ రకపు సజీవ బాక్టీరియా పొడిని యోనిలో ఉంచిరి. పండ్రెండు వారముల తరువాత జూడగా, బాక్టీరియా పొందినవారిలో నూటికి 30 మందికి, పొందనివారిలో నూటికి 45 మందికి వ్యాధి తిరుగబెట్టినది. కలుపు తీసిన వెంటనే నాటు వేసినచో కలుపు కొంత తగ్గినదన్నమాట. ఇది మంచి వార్తయే.

కాని మనకు కావలసినది కలుపు లేని మడి మాత్రమే కాదు, పంట. డెన్మార్కు దేశమున యోనిలోని జీవుల సమతూకము తప్పిన 338 మంది ఐ.వి.ఎఫ్. స్త్రీలను మూడు జట్లుగా చేసిరి. ఒక జట్టునకు క్లిండమైసిన్ అను యాంటీబయోటిక్‌తో బాటు అదే క్రిస్పేటస్ బాక్టీరియాను, రెండవ జట్టునకు యాంటీబయోటిక్ మాత్రమును, మూడవ జట్టునకు ఉత్త పదార్థమును ఇచ్చిరి. గర్భములు నిలిచిన లెక్కలో మూడు జట్లకును చెప్పుకొనదగిన భేదము కనిపించలేదు. మిక్కిలి ఆశతో ఆరంభించిన ప్రయోగము ఇట్లు ముగిసినది. దీనివలన ఈ శాస్త్రము వట్టిదని తేలలేదు. ఏ స్త్రీకి, ఏ రకము, ఎప్పుడు, ఎంతకాలము ఇచ్చినచో గర్భము నిలుచునో ఇంకను నిర్ణయము కాలేదని మాత్రము తేలినది. నిర్ణయము కానిదానికి చెలక అమ్ముకొనవలసిన పనిలేదు.

పెరుగు మంచిదే, కాని...

'ప్రోబయోటిక్' అను మాటకు 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కలసి అర్థము నిర్ణయించినవి. సజీవముగా నుండవలెను, తగినంత మోతాదులో నుండవలెను, తీసికొనినవారి ఆరోగ్యమునకు మేలు కలిగింపవలెను. ఈ మూడును ఉన్నదే ప్రోబయోటిక్. ఒక రకము చేసిన మేలును మరియొక రకమునకు అంటగట్టరాదు. సాంబమసూరియు వరియే, స్వర్ణయు వరియే. కాని ఒకదాని గుణమును, దిగుబడిని రెండవదానికి చెప్పినచో రైతులగు మీరు ఒప్పుకొందురా? సూక్ష్మజీవుల విషయమునను అంతే.

మన పెరుగులోని జీవులు వేరు, యోనిలో కాపుండు క్రిస్పేటస్ మొదలగునవి వేరు. అందువలన పెరుగును హాయిగా తినుడు; అది బలమైన ఆహారము. కాని పెరుగు తినినచో కడుపు నిలుచునని నమ్మి వైద్యమును వాయిదా వేయవలదు. పెరుగును, వెల్లుల్లిని, వేపాకు ముద్దను యోనిలో ఉంచుమని ఎవరైనను చెప్పినచో వినవలదు. సబ్బునీటితోను, పరిమళ ద్రవములతోను, క్రిమిసంహారక ద్రవములతోను లోపల కడుగుట అంతకన్న హాని. అది కాపలాదారులను కొట్టి తరుముటయే. పైభాగమును మంచినీటితో కడుగుకొనినచో చాలును. లోపలి శుభ్రతను శరీరము తానే చూచుకొనును.

పురుషులకు ఒక మాట

ఇప్పుడు అన్నదమ్ములను ఎందుకు పిలిపించితినో చెప్పెదను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము, వయోజనులలో నూటికి 17.5 మంది, అనగా ఇంచుమించు ఆరుగురిలో ఒకరు, జీవితమున ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని అనుభవించుచున్నారు. ఇది స్త్రీలకు మాత్రమే వచ్చు కష్టము కాదు. వీర్యకణములు తక్కువగుట, చలనము లేకుండుట వంటి పురుషుని లోపములు గూడ అనేక దంపతులలో కారణమగుచున్నవి. స్త్రీకి చేయు పరీక్షలు పెక్కు, బాధాకరములు, ఖర్చుతో కూడినవి. పురుషునికి చేయు వీర్యపరీక్ష సులభము, చవుక. ఐనను మన గ్రామములలో భార్యను నాలుగు ఆస్పత్రులు త్రిప్పిన తరువాత గాని భర్త ఆ పరీక్షకు ఒప్పుకొనడు. కొందరు రెండవ పెండ్లికైనను సిద్ధపడుదురు గాని, పరీక్షకు సిద్ధపడరు. ఇది న్యాయమా?

మరియొక సంగతి. బాక్టీరియల్ వజైనోసిస్ చికిత్స తరువాత పలుమారు తిరుగబెట్టుట వైద్యులకు చిరకాలముగా చిక్కు సమస్య. 2025లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 164 జంటలతో చేసిన ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. కొన్ని జంటలలో స్త్రీకి మాత్రమే మందు ఇచ్చిరి. మిగిలిన జంటలలో పురుషునికి గూడ ఏడు దినములు మాత్రలును, పైపూత మందును ఇచ్చిరి. పండ్రెండు వారములలో, స్త్రీకి మాత్రమే చికిత్స చేసిన జంటలలో నూటికి 63 మందికి వ్యాధి తిరిగివచ్చినది. ఇరువురకు చేసినచోట 35 మందికి మాత్రమే వచ్చినది. భేదము ఇంత స్పష్టముగా నుండుటచే ఆ ప్రయోగమును గడువుకు ముందే ఆపివేసిరి.

దీని అర్థమేమి? ఒక గట్టుకు ఇరుప్రక్కల నున్న మడులలో ఒక మడికే కలుపు తీసినచో ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. వైద్యుడు ఇరువురకు మందు వ్రాసినచో, భర్తయు నామోషీ పడక వాడవలెను.

డబ్బు చెల్లించుటకు ముందు

సంతాన చికిత్సాలయములను క్రమబద్ధము చేయుటకు మన పార్లమెంటు 2021లో ఒక చట్టము చేసినది. అది 2022 జనవరి 25 నుండి అమలులోనికి వచ్చినది. ఐ.వి.ఎఫ్. చేయు ప్రతి చికిత్సాలయమును రిజిస్టరు కావలెను. స్త్రీకి 21 మొదలు 50 సంవత్సరముల లోపు, పురుషునికి 21 మొదలు 55 సంవత్సరముల లోపు వయస్సుండవలెను. చికిత్స వలన లాభనష్టములు, ఖర్చు, ప్రమాదములు, ఫలించు అవకాశము ఎంత యను సంగతులను దంపతులకు ముందుగా తెలుపుట చికిత్సాలయము విధి. కావున ప్రశ్నించుట మీ హక్కు. అదనపు పరీక్షగాని, అదనపు మందుగాని చెప్పినపుడు ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు.

మొదటిది: ఈ పరీక్ష ఫలితమును బట్టి నా చికిత్సలో ఏమి మారును? ఏమియు మారనిచో పరీక్ష యెందులకు?

రెండవది: ఈ మందు వాడినవారిని, వాడనివారిని పోల్చి చూచిరా? చూచినచో సజీవ శిశువులు ఎక్కువగా కలిగిరా, లేక కాగితముపై బాక్టీరియా లెక్క మాత్రమే పెరిగినదా?

మూడవది: ఇందులోని జీవి పేరేమి, ఎంత మోతాదు, ఎట్లు నిలువచేయవలెను? ఎండలో, బస్సులో వచ్చునప్పటికి అవి బ్రదికియుండునా?

నాలుగవది: ఇది లేకుండ చికిత్స చేసినచో నష్టమేమి?

నిజాయితీగల వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. "ఇది ఇంకను పరిశోధనలో నున్నది" అని చెప్పువాడు మిమ్ము మోసగించువాడు కాడు. "తప్పక ఫలించును" అని చెప్పువానియెడల జాగ్రత్త వహించుడు.

మన చేతిలో నున్న పనులు

వివాహమై కలసి కాపురము చేయుచు ఒక సంవత్సరము గడిచినను గర్భము రానిచో ఇరువురును కలసి వైద్యుని చూడవలెను. స్త్రీకి 35 ఏండ్లు దాటినచో ఆరు నెలలకే చూచుట మంచిది. వాసనగల తెల్లబట్ట, దురద, పొత్తికడుపు నొప్పి, జ్వరము కనిపించినచో ఆశా కార్యకర్తతోగాని, ఏ.ఎన్.ఎం.తోగాని చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. వాసన, దురద లేని కొద్దిపాటి తెల్లని స్రావము స్వాభావికము, దానికి భయపడవలదు. మందుల దుకాణములో అడిగి యాంటీబయోటిక్ మాత్రలు మ్రింగవలదు. అవి చెడ్డవానితో బాటు మంచివానిని గూడ చంపును. వైద్యుడు వ్రాసిన మందును మాత్రము నడుమ మానక పూర్తిగా వాడవలెను.

మన దేశమున గర్భనాళములు మూసికొనిపోవుటకు క్షయవ్యాధి యొక ముఖ్య కారణము. దానికి ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితముగా లభించును. మూసికొనిన నాళమును ఏ ప్రోబయోటిక్ క్యాప్సూలును తెరువజాలదు. కాబట్టి మూలకారణమును కనుగొనుట ముందు, మిగిలినవన్నియు తరువాత. గర్భమును కోరు స్త్రీ ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనుట శిశువునకు మేలు. పొగాకును ఆలుమగలిరువురును మానవలెను.

ఇక ఆ దంపతుల సంగతి. ఆనాడు ఆమెను ఒంటరిగా కూర్చుండబెట్టి అడుగగా, రెండేండ్లనుండి వాసనగల తెల్లబట్ట యగుచున్నదనియు, సిగ్గుచే ఎవరికిని చెప్పలేదనియు తెలిపినది. ఖరీదైన పరీక్ష అక్కరలేకుండగనే, గాజుపలక మీది సామాన్య పరీక్షతోనే వజైనోసిస్ అని తేలినది. ఆమె బాధ తొలగుటకు, వ్యాధి తిరుగబెట్టకుండుటకు ఇరువురకును మందు వ్రాసితిని. దీనివలన ఐ.వి.ఎఫ్. తప్పక ఫలించునని నేను చెప్పలేదు. చెప్పుటకు ఆధారము లేదు. కాని ఉన్న వ్యాధికి చికిత్స చేయుట ఎట్లైనను కర్తవ్యమే గదా. ఆ భర్త మారుమాటాడక మందు వాడెను. తరువాత ఇరువురును చికిత్సాలయమునకు పోయి ఆ నాలుగు ప్రశ్నలు అడిగిరి. అదనపు పద్దులు రెండును కాగితమునుండి తొలగింపబడినవి.

రెండవ ప్రయత్నము ఇంకను జరుగవలసి యున్నది. ఫలించునో లేదో నేను చెప్పజాలను. ఫలింపవలెనని మనసార కోరుచున్నాను. ఐనను ఇప్పటికే రెండు మేళ్లు జరిగినవి. అరయెకరము చెలక వారి చేతిలోనే నిలిచినది. కొంగు వ్రేలికి చుట్టుకొనుచు తలవంచుకొని కూర్చుండిన ఆ ఇల్లాలు, రెండవసారి వచ్చినపుడు తల యెత్తి, తన ప్రశ్న తానే యడిగినది.

మీరును అట్లే అడుగుదురుగాక.